ముందు బండి ముక్కు చూడాలి

నలభై ఏళ్ళు రెంచీ పట్టిన మనిషి చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుంటే రెండు జబ్బులు మొదలవుతాయి. ఒకటి నడుం నొప్పి, రెండోది సలహాలు. నడుముకు మా ఆవిడ మరియమ్మ కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాస్తుంది. సలహాలకు ఆమె దగ్గర మందు లేదు. వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజు ఒక లావుపాటి నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నాకు చెప్పకు. పని నేర్సుకునే పోరగాళ్ళకు చెప్పుకో పో" అంది.

అందుకని ఇది ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, ఇప్పుడిప్పుడే షెడ్లలో చేరుతున్న పిల్లల కోసం. నా పేరు దేవదానం. సారపాకలో పేపర్ మిల్లుకు పోయే రోడ్డు పక్కన నా షెడ్డు ఉండేది. వెదురు లారీలతో మొదలుపెట్టి, జామాయిలు కర్ర లాగే ట్రాక్టర్లు చూసి, ఆఖరి పదిహేనేళ్ళు టర్బో కార్ల మీద పడ్డాను. షెడ్డు ఎలా పెరిగింది, ఎవరు మెచ్చుకున్నారు లాంటివి రాయను. నాకు జన్మలో ఒక్కసారి శాలువా కప్పారు. అది గ్రీజు తుడవడానికి కూడా పనికిరాలేదు, అంతా నైలాను.

పికప్ జబ్బు

ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "మేస్త్రీ, బండికి పికప్ పెంచొచ్చా?"

కొత్త బండివాడు ఈ మాట అడగడు. రెండు లక్షలు, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండివాడే అడుగుతాడు. తలకు రంగు వేసుకున్నవాడికే పరుగు పందెం గుర్తొచ్చినట్టు. నవ్వుతున్నాను గానీ, నేనూ యాభై దాటాక జీన్స్ ప్యాంటు కొన్నాను. మరియమ్మ దాన్ని కత్తిరించి మసిగుడ్డలు చేసేదాకా తొడిగాను.

టర్బో సంగతి ఇంకా తెలియనివాళ్ళకు ఒక్క మాట. పొగగొట్టంలోంచి పోయే వేడి గాలి ఒక చిన్న ఫ్యానును తిప్పుతుంది. ఆ ఫ్యాను బయటి గాలిని పీల్చి ఇంజన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువ దొరికితే డీజిల్ ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. అంటే టర్బో బండికి గాలే అన్నం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అందుకే ఈ నోటుబుక్కు.

ఖాసిం సాబ్ టీ

నేను పని నేర్చుకున్నది ఖమ్మంలో, లారీల అడ్డా దగ్గర ఖాసిం సాబ్ షెడ్డులో. ఆయనకు చదువు రాదు, కళ్ళు సరిగ్గా కనపడవు. కానీ బండి గేటు దాటి లోపలికి వచ్చేలోపే దాని జాతకం చెప్పేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆయన శిక్ష వేరు. తప్పు చేసినవాడికి ఆ పూట టీ ఉండదు. అందరూ గ్లాసులు పట్టుకుని ఊదుకుంటూ తాగుతుంటే మనం గోడ వైపు తిరిగి నట్లు ఏరుకోవాలి. పద్నాలుగు నెలల్లో నేను తాగిన టీల కంటే ఏరిన నట్లే ఎక్కువ.

ఆయన దగ్గర రెండు సంగతులు నేర్చుకున్నాను. మొదటిది మూత. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను విప్పి, తిరగేసి, అక్కడే ఊరికే పెట్టేవాడు. మూత కదలకుండా కూర్చుంటే లోపల పిస్టన్ రింగులు, బోరు అరగకుండా ఉన్నట్టు. వణికితే వయసు మీద పడినట్టు. ఉడికే అన్నం మీది మూతలా ఎగిరిపడితే ఇక ఓనరు మొహం వైపు చూడకుండా విషయం చెప్పాలి.

రెండోది ముక్కు. ఏ బండి వచ్చినా, ఏ జబ్బుతో వచ్చినా, ముందు గాలి వడకట్టే ఎయిర్ ఫిల్టర్ తీసి బానెట్ మీద పెట్టాలి. అది అక్కడ కనపడితేనే ఆయన టీ తెప్పించేవాడు. ఒకసారి విసుగొచ్చి, "సాబ్, ఇది బ్రేకుల పని. ఫిల్టర్ ఎందుకు?" అని అడిగాను.

"అరే దేవదానం, మనిషి ఊపిరాడతలేదని దవాఖానాకొస్తే గుండె కోస్తరా? ముందు ముక్కు చూస్తరు" అన్నాడు. "మరి కాలు నొప్పని వస్తే సాబ్?" అన్నాను. ఆ పూట కూడా టీ లేదు.

పర్ణశాలలో ఆగని ఇంజన్

షెడ్డు పెట్టి పేరొచ్చాక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. సత్యంగారని మిల్లుకు కర్ర తోలే కాంట్రాక్టర్. ఆయన టర్బో కారు అప్పటికి రెండు లక్షల నలభై వేలు తిరిగింది. కలిసొచ్చిన బండి, అమ్మనంటాడు. కానీ పాల్వంచ రోడ్డులో బావమరిది కొత్త కారు ఆయన్ని హారన్ కొట్టి మరీ దాటిపోయింది. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదట.

"దేవదానం, ఏమన్న చెయ్. మా బామ్మర్ది నా ఎనక ఉండాలె" అన్నాడు.

మూత తిరగేసి చూశాను. ఎగరలేదు గానీ వణికింది. అది చూసి నేనేమనుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. చలికాలం కదా అనుకున్నాను. హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని ఒకాయన వచ్చి, ఇంజన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చాడు. డీజిల్ ఎక్కువ, టర్బో ఒత్తిడి ఎక్కువ. నేను పక్కన నిలబడి అన్నీ తెలిసినట్టు తల ఊపాను. పదకొండు రోజులు సత్యంగారు నన్ను దేవుడన్నాడు. పన్నెండో రోజు ఫోను వచ్చింది.

"మేస్త్రీ! తాళం తీసి చేతుల పట్టుకున్న. ఇంజన్ బందైతలేదు!"

"తాళం తీసినంక ఎట్ల నడుస్తదండీ?"

"నన్నడుగుతవేందయ్యా! పర్ణశాలల ఉన్నం. ఊరంత పొగ. మా అత్తగారు రోడ్డు మీద కూసొని రామా రామా అంటున్నది!"

అరిగిన టర్బోకు బలవంతంగా పని పెడితే దాంట్లో ఆయిల్‌ను ఆపే సీలు పోయింది. ఇంజన్ తన ఆయిల్ తానే తాగి మండించుకుంటోంది. అప్పుడు దానికి డీజిల్‌తో, తాళంతో పనిలేదు. ముక్కు మూయడమే దారి. "గాలి పైపు పీకి, నోటికి ఏదన్న చెక్క అడ్డం పెట్టండి! చెయ్యి పెట్టకండి!" అని అరిచాను. ఎవరో పక్కన కొబ్బరికాయలమ్మే బండి మీది పలక లాగి పెట్టారు. ఇంజన్ ఆగింది. మళ్ళీ ఎప్పుడూ లేవలేదు.

సత్యంగారు మిల్లు గేటు దగ్గర కనపడిన ప్రతివాడికీ ఒకటే చెప్పాడు. "పికప్ కోసమని పోయిన, నా బండి లారీ ఎక్కి ఇంటికొచ్చింది." ఏడాది పాటు మిల్లు జనం నన్ను చూడగానే చేతిలో ఏది ఉంటే అది అడ్డం పెట్టి "ఆగింది, ఆగింది" అనేవారు. చర్చిలో కూడా ఒకాయన పాటల పుస్తకం అడ్డం పెట్టాడు.

అడిగినవాడికి నేను చెప్పేది

ఆ దెబ్బతో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. ఇప్పటికీ మార్చుకోలేదు. ఎక్కువ తిరిగిన టర్బో బండికి బలం పెంచమని ఎవరైనా వస్తే, పెంచాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ఉన్న బలం ఎటు పోయింది అన్నది మొదటి ప్రశ్న. పదిమందిలో ఎక్కువమందికి కొత్త బలం అక్కర్లేదు, పోయింది తిరిగొస్తే చాలు. మూసుకుపోయిన ఫిల్టరో, చిట్లిన గాలి పైపో, జారే క్లచ్చో, పట్టేసిన బ్రేకో ఉంటుంది. అవన్నీ బాగుచేశాక కూడా కావాలంటే మూత చూడండి, టర్బో ఇరుసు చేత్తో ఊపి చూడండి, ఇంజన్ వేడి చూడండి. ఒక్కటి వణికినా వద్దని చెప్పండి. అన్నీ బాగుంటే, చేయించుకునేవాడికి బ్రేకులు కూడా మార్చుకునే బుద్ధి ఉంటే, అప్పుడు కొద్దిగా పెంచుకోనివ్వండి. పదిహేనేళ్ళలో అలాంటివాళ్ళు నాకు ఇద్దరే దొరికారు. అందులో ఒకడు బండి అమ్మేశాడు.

చూశారా, ఎంత బాగా చెప్పానో. ఇదంతా నాకు తెలిసి ఉండగానే ముత్తయ్య దగ్గర బోల్తా పడ్డాను.

ముత్తయ్య బండి

ముత్తయ్యది భద్రాచలం దాటి, అడవి లోపల ఎర్రగుట్ట అవతల ఒక కోయ ఊరు. ఏడుగురు కూర్చునే టర్బో బండి నడిపేవాడు, రెండు లక్షల తొంభై వేలు తిరిగింది. రోజూ పొద్దున ఆ దిక్కు సర్కారు దవాఖానా సిస్టర్లను ఊర్లకు తిప్పేవాడు. కాన్పుల వాళ్ళను భద్రాచలం పెద్దాసుపత్రికి తెచ్చేవాడు. ఆ బండే అతని బతుకు. మనిషి మాట తక్కువ. ఎండాకాలం మొదట్లో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఒక పొద్దున షెడ్డుకు వచ్చాడు.

"ఎర్రగుట్ట ఎక్కుతలేదు మేస్త్రి. రెండో గేర్ల గూడ గుంజుతలేదు. మొన్న నెలలు నిండిన పిల్లను తీస్కొస్తుంటే సగంల ఆగింది. అందర్ని దించి నడిపిచ్చి, ఆ పిల్లను, వాళ్ళమ్మను పెట్టుకొని ఎక్కిన. పిల్ల ఏడుస్తనే ఉన్నది."

"మరి?"

"డాక్టరమ్మ ఒకటో తారీఖు దాక చూస్త అన్నది. ఆ తర్వాత వేరే బండి పెట్టుకుంటదట. ఖమ్మంల కంప్యూటర్ పెట్టి పికప్ పెంచుతరంట గదా. చేపియ్యనా?"

నాకు పర్ణశాల పొగ కళ్ళ ముందు కనపడింది. వద్దని చెప్పాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. అది మంచి నిర్ణయమే. దానికి దారి మాత్రం తప్పుడు దారి.

ఇంజన్ నడిపించి మూత తిరగేశాను. మూత కదల్లేదు. మూడు లక్షల దగ్గరి బండికి అంత నిబ్బరమైన ఇంజన్ చూడటం అరుదు. ఎవరో ప్రాణంలా చూసుకున్న బండి అది. స్కానర్ పెడితే 'గాలి తక్కువ' అని చూపించింది. ముసలి బండి స్కానర్‌కు ఏదో ఒకటి చెబుతూనే ఉంటుందిలే అనుకుని చెరిపేశాను. మళ్ళీ చదవండి పిల్లలూ. యంత్రం గాలి తక్కువని చెప్పింది. నేను చెరిపేశాను.

అప్పుడు వాసన వచ్చింది. పుల్లగా, తియ్యగా, ఇప్పసారా వాసన. ముత్తయ్య నా పక్కనే బానెట్ మీదికి వంగి ఉన్నాడు. నేను బండి కిందికి దూరాను. అక్కడ కూడా అదే వాసన. భుజం మీద జిగటగా ఏదో చుక్క పడింది, మోచేత్తో రుద్దుకున్నాను. బయటికి వచ్చేసరికి నా తీర్పు తయారుగా ఉంది.

"ముత్తయ్యా, తాగి నడుపుతున్నవా?"

"నేను తాగను మేస్త్రి."

"వాసనొస్తున్నది."

"నేను తాగను. మా ఊర్ల ఎవర్నన్న అడుగు."

"బండికి రోగం లేదు. రోగం డ్రైవర్‌కున్నది" అన్నాను. అక్కడ ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వారని నేను ఇంకొంచెం గట్టిగా, కాన్పు పిల్లలు ఎక్కే బండి, సిగ్గుండాలి అని కూడా అన్నాను.

ముత్తయ్య బానెట్ మెల్లగా దించాడు. "సరే మేస్త్రి. రేపు ఖమ్మం పోత" అని వెళ్ళిపోయాడు.

ఎందుకు అలా అనుకున్నానో దాచకుండా చెబుతాను. అడవి మనిషి, ఇప్ప వాసన. రెండూ కలిపేశాను, మూడోది వెతకలేదు. అదే వాసన సత్యంగారి కారులో వచ్చి ఉంటే, "ఏం లీకైందండీ?" అని అడిగేవాణ్ణి. అన్నేళ్ళు అడవి పక్కనే అన్నం తిన్నవాడి బుద్ధి అది.

అంతటితో ఊరుకోలేదు. ఆ దవాఖానా జీపు కూడా నా షెడ్డుకే వచ్చేది, డాక్టరమ్మ నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేశాను. "ముత్తయ్య తాగి నడుపుతున్నడు మేడం. చెప్పుడు నా ధర్మం" అన్నాను. ఆమె "మీరు చెప్తే అబద్ధం ఎందుకైతది. రేపే వేరే బండి మాట్లాడత" అంది. ఫోన్ పెట్టేశాక పుణ్యం చేసినట్టు ఛాతీ విరుచుకున్నాను.

నా చొక్కా

ఆ సాయంత్రం మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక. ఎనిమిదిమంది చాప మీద కూర్చుని ఉన్నారు. నేను వెనక నుంచి లోపలికి పోబోతుంటే మరియమ్మ లేచి దగ్గరికి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. మా ఆవిడ రహస్యంగా మాట్లాడితే వీధి చివరికి మాత్రమే వినపడుతుంది.

"ఏమయ్యా, తాగినవా?"

"దేవుని తోడు, ముట్టలే!"

"వాసనొస్తున్నది."

"నేను తాగనని నీకు తెల్వదా? షెడ్ల ఎవర్నన్న అడుగు!"

అనేశాక తెలిసింది. ఈ మాటలు ఆ పొద్దునే విన్నాను. ఊరికి బదులు షెడ్డు, అంతే తేడా. ఎనిమిదిమంది ఆడవాళ్ళు నన్ను చూసిన చూపు, నేను ముత్తయ్యను చూసిన చూపే. అందులో ఒకామె నా కోసం అప్పుడే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

మరియమ్మను వంటింట్లోకి తీసుకుపోయి జరిగిందంతా చెప్పాను. ఆమె నా భుజం దగ్గర చొక్కా పట్టుకుని వాసన చూసింది. "నువ్వు తాగలే. నీ చొక్కా తాగింది. మరి ఆయన తాగిండో, ఆయన బండి తాగిందో చూసినవా?" అంది.

చొక్కా విప్పి చూశాను. మరక జిగటగా ఉంది. బండి కింద ఎక్కడ పడుకున్నానో గుర్తు తెచ్చుకున్నాను. ఎడమ పక్కన, ముందు చక్రం దగ్గర. దానికి సరిగ్గా పైన ఉండేది ఎయిర్ ఫిల్టర్ డబ్బా. ఆ డబ్బా నేను తెరవలేదు. ఖాసిం సాబ్ బతికి ఉంటే ఆ రోజు నుంచి నాకు జీవితాంతం టీ ఉండేది కాదు.

ముత్తయ్యకు ఫోన్ చేస్తే కలవలేదు, అతని ఊర్లో సిగ్నల్ రాదు. డాక్టరమ్మకు చేసి, రింగవుతుండగానే పెట్టేశాను. డబ్బా తెరవకుండా ఇంకో తీర్పు చెప్పకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, భయమేసింది. చాలా భయమేసింది. తెల్లారితే ముత్తయ్య ఖమ్మం పోతాడు. గాలి అందని ఇంజన్‌కు వాళ్ళు ఇంకా డీజిల్ కుక్కుతారు. అంత మంచి ఇంజన్ నెల తిరక్కముందే పోతుంది. ఇటు డాక్టరమ్మ వేరే బండి పెడుతుంది. రెండు చోట్లా అతని బతుకు మీద దెబ్బ కొట్టింది నేనే.

వంతెన దగ్గర

భద్రాచలం నుంచి ఖమ్మం పోవాలంటే గోదావరి వంతెన దాటి సారపాక మీదుగానే పోవాలి. పొద్దున ఆరింటికే వంతెన ఇవతల చివర రోడ్డు మీద నిలబడ్డాను. లుంగీ, బనీను, చేతిలో స్క్రూడ్రైవర్. తెలిసిన లారీ డ్రైవర్ ఒకడు తల బయట పెట్టి, "ఏంది మేస్త్రి, షెడ్డుకు బండ్లు వస్తలేవా? రోడ్డు మీద పడ్డవ్?" అని నవ్వుకుంటూ పోయాడు.

ఏడింటికి ముత్తయ్య బండి కనపడింది. నల్లపొగ కక్కుకుంటూ, రొప్పుకుంటూ వస్తోంది. రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాను. ఆపాడు. దిగలేదు.

"ఏంది మేస్త్రి, పోలీసులను గిట్ల పిలిచినవా?"

"లే ముత్తయ్యా. బానెట్ తియ్."

తీశాడు. నాలుగు క్లిప్పులు లేపి ఫిల్టర్ డబ్బా తెరిచాను. లోపల ఎలుక గూడు. చిరిగిన గుడ్డ, పీచు, ఫిల్టర్ కాగితం ముక్కలు, వాటి మధ్య పొరలు పొరలుగా ఇప్పపువ్వు. వాన నీళ్ళో, కడిగిన నీళ్ళో చేరి, ఇంజన్ వేడికి ఉడికి, పులిసి, అడుగు రంధ్రంలోంచి బొట్టు బొట్టుగా కారుతోంది. బండి ముక్కులో సారా బట్టీ.

ముత్తయ్య వంగి గూట్లోంచి ఒక పువ్వు తీసి చూశాడు. "ఇంటి ముంగట పువ్వు ఆరబోస్తం. పక్కననే బండి పెడ్త. ఎలుకలు కాపురం పెట్టినయ్" అన్నాడు. అతని మొహంలో మొదటిసారి కొద్దిగా నవ్వు వచ్చింది. ఆ నవ్వును నేనే పాడుచేయాలి.

"ముత్తయ్యా, ఇంకో మాట. నిన్న నేను డాక్టరమ్మకు ఫోన్ చేసిన. నువ్వు తాగుతవని చెప్పిన."

నవ్వు పోయింది. అరిచి ఉంటే బాగుండేది. నన్ను ఒక దెబ్బ కొట్టినా బాగుండేది. "ఫోన్ గూడ చేసినవా?" అన్నాడు, అంతే. నా కంటే చిన్నవాడి ముందు అంత సిగ్గుతో నేనెప్పుడూ నిలబడలేదు.

షెడ్డుకు తీసుకుపోయి డబ్బా కడిగి, కొత్త ఫిల్టర్ వేశాను. ఆ పులిసిన పువ్వు మొత్తం ఒక బకెట్‌లో ఎత్తుకుని, చొక్కా తొడుక్కుని, నేను కూడా బండెక్కాను. "ఖమ్మం వద్దు. డాక్టరమ్మ దగ్గరికి పోనియ్" అన్నాను. ఎర్రగుట్ట మూడో గేర్లో ఎక్కింది, చెమట కూడా పట్టకుండా. పైకి చేరాక నేను సంతోషం పట్టలేక, "చూసినవా!" అన్నాను. ముత్తయ్య రోడ్డు వైపే చూస్తున్నాడు.

దవాఖానా ముందు వేరే బండి అప్పటికే నిలబడి ఉంది. వరండాలో పేషెంట్లు, సిస్టర్లు, మధ్యలో డాక్టరమ్మ. నేను బకెట్ ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, అందరికీ వినపడేలా చెప్పాను. తాగింది ముత్తయ్య కాదు, బండి. చూడకుండా మాట్లాడింది నేను. నేను చెప్పింది అబద్ధం.

డాక్టరమ్మ బకెట్‌లోకి చూసింది, నన్ను చూసింది. "మేస్త్రిగారూ, నిన్న చెప్తే నమ్మిన. ఇయాల గూడ నమ్మాల్నా?" అంది.

"నన్ను నమ్మకండి మేడం. వాసన చూడండి" అన్నాను. ఆమె వంగి చూసి, గబుక్కున ముక్కు మూసుకుంది. ఒక సిస్టర్ పకపకా నవ్వింది. కానీ డాక్టరమ్మ, వేరే బండికి మాట ఇచ్చేశానని, ఒకటో తారీఖు నుంచి ముత్తయ్యను మళ్ళీ పిలుస్తానని చెప్పింది. పిలిచింది కూడా. మధ్యలో పన్నెండు రోజులు అతని బండి ఇంటి ముందు ఊరికే నిలబడింది. ఇంజన్ బాగుండి, డ్రైవర్ బాగుండి, ఒక మేస్త్రి నోటి వల్ల నిలబడింది. ఆ పన్నెండు రోజులకు నా దగ్గర ఏ స్పేర్ పార్టూ లేదు.

ఊపిరి

తర్వాత ఆరు నెలలకు సర్వీసుకు వచ్చాడు. వస్తాడనుకోలేదు. నేను తాళం కోసం చెయ్యి చాపాను. ముత్తయ్య ఇవ్వలేదు. నా మొహం దగ్గరికి వచ్చి, నోరు తెరిచి, "హా..." అని ఊదాడు.

"చూస్కో మేస్త్రి. తర్వాత బండి చూడు."

షెడ్డులో అందరూ చూస్తున్నారు. నేను వాసన చూశాను. పొగాకు, ఉల్లిపాయ. "మంచిగనే ఉన్నది" అన్నాను. అప్పుడు తాళం ఇచ్చాడు.

అప్పటి నుంచి ప్రతిసారీ అంతే. వచ్చేవాడు, ఊదేవాడు, నేను వాసన చూసి మంచిగుందని చెప్పేవాణ్ణి, తాళం ఇచ్చేవాడు. మొదట్లో మండిపోయేది. పోనుపోను నేనే మొహం ముందుకు పెట్టేవాణ్ణి. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చోవడం కంటే నాకు అదే సరైన ప్రాయశ్చిత్తం అనిపించేది. ఏ బండి వచ్చినా ముందు ఫిల్టర్ తీసి బానెట్ మీద పెట్టే అలవాటు, సొంత షెడ్డు వచ్చాక మానేసింది, మళ్ళీ మొదలుపెట్టాను. బ్రేకుల పనికి కూడా.

ముత్తయ్య బండికి పికప్ ఎవరూ పెంచలేదు. ఇప్పుడది మూడు లక్షల అరవై వేలు దాటింది, ఎర్రగుట్ట మూడో గేర్లోనే ఎక్కుతోంది.

నేను షెడ్డు మూసే రోజు, సామాను సర్దుతుంటే ఆఖరి బండిగా అతనే వచ్చాడు. నేను అలవాటు ప్రకారం దగ్గరికి పోయి, వంగి, కళ్ళు మూసుకుని మొహం చాపి నిలబడ్డాను. ఎంతకీ ఊపిరి తగల్లేదు. కళ్ళు తెరిచాను. తాళం నా చేతిలో పెడుతున్నాడు.

"ఏంది మేస్త్రి, మొకం గట్ల పెట్టినవ్? జల్దీ బండి చూడు."

బానెట్ లేపి, డబ్బా తెరిచి, ఫిల్టర్ తీశాను. శుభ్రంగా ఉంది. బానెట్ దించి, దాన్ని పైన పెట్టి వెనక్కి తిరిగేసరికి ముత్తయ్య రోడ్డు దాటి, రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని వస్తున్నాడు.